పెద్ద కారు గుమ్మంలోకి వచ్చే ముందు

కోస్తాలో చేపల, రొయ్యల చెరువులు కలిసివచ్చిన ఇళ్లలో, హైదరాబాదు చుట్టుపక్కల భూమికి ధర పలికిన ఇళ్లలో, పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన ఇళ్లలో ఒక మాట ఇటీవల తరచుగా వినబడుతోంది. "ఇన్నాళ్లూ చిన్న కారుతో సర్దుకున్నాం, ఈసారి బెంజో బీఎండబ్ల్యూవో ఒకటి తీసుకుందాం నాన్నా" అంటాడు కొడుకు. తండ్రికీ లోలోపల ఇష్టమే. తల్లి "మనకెందుకురా అంత కారు" అంటుంది గాని, అల్లుడుగారి తరఫువాళ్లు పెద్ద కారు దిగిన రోజు ఆమెకూ గుర్తే.

1995లో బెంజి సంస్థ టెల్కోతో కలిసి పూణేలో తన కార్లు తయారు చేయడం మొదలుపెట్టినప్పుడు, అలాంటి కారు కొనడమంటే సినిమావారికి, మిల్లు యజమానులకు సంబంధించిన సంగతి. తరువాత 2007లో బీఎండబ్ల్యూ చెన్నైలో ఫ్యాక్టరీ పెట్టింది. ఇప్పుడు అప్పు ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి, వాడిన కార్లు అమ్మే దుకాణాలు ఉన్నాయి. గనుక ఒక రైతు కుటుంబం ఈ కారు కొనాలనుకోవడం వింత కాదు, తప్పూ కాదు. అయితే ఈ కార్లను పట్టణాల కోసం, మంచి రోడ్ల కోసం, దగ్గరలో కంపెనీ వర్క్‌షాపు ఉన్నవారి కోసం తయారు చేశారు. మన ఊరికి, మన ఇంటి ఆదాయానికి అది సరిపడుతుందా అనేది షోరూములో ఎవరూ చెప్పరు. ఆ సంగతే ఇక్కడ మాట్లాడుకుందాం. జీపులాగా ఎత్తుగా ఉండే పెద్ద బండ్ల సంగతి వేరు. డిక్కీ వెనుకకు వేరుగా ఉండి, నేలకు దగ్గరగా కూర్చునే సెడాన్ కారు గురించే ఈ మాటలు.

ముందుగా ధర. పత్రికలో వేసిన ధర షోరూము ధర మాత్రమే. 60 లక్షల కారు తీసుకుందాం. మన రెండు రాష్ట్రాల్లోనూ కారు ధర పెరిగేకొద్దీ లైఫ్ టాక్సు శాతం కూడా పెరుగుతుంది. ఈ తరగతి కార్లకు అది 18 శాతం, లేదా అంతకు మించి ఉంటుంది. 18 శాతమే వేసుకున్నా 10 లక్షల 80 వేలు అయింది. ఒకే వ్యక్తి పేర ఇప్పటికే ఒక బండి ఉంటే రెండోదానికి ఇంకొంచెం ఎక్కువ పడవచ్చు. ఆనాటి రేటు ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి, అమ్మేవాడి నోటిమాట మీద ఉండకండి. దీని మీద బీమా, దాని మీద మరికొన్ని చిల్లర ఖర్చులు. మొత్తం మీద 60 లక్షల కారు రోడ్డెక్కేసరికి 70 లక్షలు దాటిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి వేసే పద్ధతి పోయి ఒకే 40 శాతం పన్ను వచ్చింది. అంతకు ముందు ఈ తరగతి సెడాన్ల మీద రెండూ కలిపి 48 శాతం దాకా ఉండేది. కాబట్టి పాత ధరల కాగితాలు చూపించి బేరం చేసేవారుంటే నమ్మవద్దు.

ఇంకొక కోత గురించి పల్లెటూరి కుటుంబాలకు చాలామందికి తెలియదు. 10 లక్షలు దాటిన కారు కొన్నప్పుడు అమ్మినవాడు ధరలో ఒక శాతం ఆదాయపు పన్ను కింద వసూలు చేసి ప్రభుత్వానికి కడతాడు. 60 లక్షలకు 60 వేలు. ఇది కొత్త పన్ను కాదు, మన పేర జమ అయ్యే సొమ్ము. పన్ను కట్టవలసిన అవసరం లేనివారు రిటర్ను దాఖలు చేస్తే తిరిగి వస్తుంది. వ్యవసాయ ఆదాయమే కదా, రిటర్ను ఎందుకు అని ఊరుకుంటే ఆ సొమ్ము అక్కడే ఉండిపోతుంది. అదీగాక ఆ జమతో పాటే మీరు ఇంత ఖరీదైన కారు కొన్నారన్న సంగతి కూడా ఆ శాఖ రికార్డులోకి చేరుతుంది. "ఈ డబ్బు ఎక్కడిది?" అని రేపు ఒక కాగితం రావచ్చు. భయపడవలసిన పని లేదు. పొలం అమ్మిన దస్తావేజు, రొయ్యలు అమ్మిన పట్టీలు, అబ్బాయి విదేశం నుంచి పంపిన సొమ్ముకు బ్యాంకు కాగితాలు ఒక ఫైలులో భద్రపరచుకుంటే చాలు.

నగదు మాట కూడా చెప్పాలి. మన దగ్గర పెద్ద బేరాలు నోట్ల కట్టలతో జరగడం అలవాటు. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒక లావాదేవీలో రెండు లక్షలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోవడం చట్టవిరుద్ధం. శిక్ష పుచ్చుకున్నవాడికే పడుతుంది, నిజమే. కాని వాడిన కారును నగదుకు కొన్నవాడి చేతిలో మాత్రం ఏముంటుంది? తరువాత కారులో లోపం బయటపడితే ఎంత ఇచ్చాడో రుజువు చేసుకోలేడు. ఎంతైనా బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

అప్పు సంగతికి వద్దాం. 40 లక్షలు, సంవత్సరానికి 9 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 64,350 రూపాయలు కట్టాలి. ఏడేళ్లు పూర్తయ్యేసరికి వడ్డీ కిందనే 14 లక్షల పైచిలుకు పోతుంది. అదే అప్పు ఐదేళ్లలో తీర్చేటట్టయితే నెలకు 83 వేలు, వడ్డీ 10 లక్షల లోపు. చిన్న వాయిదా చూసి సంతోషించేవారు ఈ తేడా గమనించరు. మరికొన్ని పథకాల్లో నెల వాయిదా ఇంకా తక్కువగా చూపిస్తారు, కాని చివరి నెలలో ఒక పెద్ద మొత్తం ఒకేసారి కట్టమంటారు, లేదా కారు తిరిగి ఇచ్చేయమంటారు. జీతగాడికి అది సరిపోవచ్చునేమో. పంట చేతికి వచ్చినప్పుడే డబ్బు కళ్లజూసే ఇంటికి నెల నెలా వచ్చే వాయిదాయే బరువు, చివర్లో వచ్చే బండరాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. చెరువులో తెల్లమచ్చ తెగులు వచ్చిన సంవత్సరం కూడా బ్యాంకు వాయిదా ఆగదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సగానికి పైగా చేతి సొమ్ము లేనివారు, మిగిలింది ఐదేళ్లలో తీర్చలేనివారు ఈ తరగతి కారు ఇప్పుడే తీసుకోకూడదు. పొలం తాకట్టు పెట్టి గాని, పంట రుణంగా తెచ్చిన సొమ్ముతో గాని కారు కొనడం అసలే వద్దు. పొలం మీద అప్పు కారు అమ్మితే తీరదు. బీమా కంపెనీలు వాడే తరుగుదల పట్టిక చూడండి: నాలుగేళ్లు దాటి ఐదో ఏడు నడిచే కారు విలువను అది సగానికి తగ్గిస్తుంది. బజారులో ఈ కార్ల ధర కొన్నిసార్లు అంతకన్నా వేగంగానే పడిపోతుంది.

మన రోడ్డు, మన వాకిలి

గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువగట్టు రోడ్ల మీద తిరిగేవారికి తెలుసు. ఒక పక్క కాలువ, ఒక పక్క చేను, మధ్యలో ఒక బండి పట్టేంత తారు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒకరు అంచుకు దిగాలి. పాత అంబాసిడర్ కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. ఈనాటి బెంజి ఈ-క్లాసు 5 మీటర్లు దాటింది. ఆ పొడవుతో మీ వీధి మలుపు తిరుగుతుందా, గేటులో ఒక్క ఊపున పడుతుందా, పడమటి పక్క రేకుల షెడ్డులో డిక్కీ తలుపు తెరవడానికి చోటు మిగులుతుందా అనేది టేపు పెట్టి కొలవండి. నవ్వుకోకండి, ఇది కాగితాల కన్నా ముందు చేయవలసిన పని.

ఎత్తు మరో చిక్కు. ఈ కార్ల అడుగు నేలకు దగ్గరగా ఉంటుంది. ఖాళీ కారు మీద కొలిచిన లెక్క పుస్తకంలో ఉంటుంది గాని, నలుగురు పెద్దవాళ్లు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పడ్డాక అది ఇంకా దిగుతుంది. ఎవరి ఇంటి ముందు వారే పోసుకున్న స్పీడు బ్రేకర్లు, మధ్యలో ఎత్తుగా గడ్డి మొలిచిన డొంక దారి, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు - ఇవన్నీ కారు కడుపుకు తగులుతాయి. షోరూమువారు నడిపి చూడమని కారు ఇచ్చినప్పుడు ఊరి బయట జాతీయ రహదారి మీద నడిపి, మెత్తగా ఉందని మురిసిపోవద్దు. అడిగితే చాలాచోట్ల ఇంటికే తీసుకొస్తారు. ఇంటిల్లిపాదీ ఎక్కి, మీరు రోజూ వెళ్లే దారిలోనే నడిపించండి. అదే సమయంలో ఇంట్లో పెద్దవారిని వెనుక సీటులో ఎక్కించి దింపండి. సెడాన్ సీటు కిందకు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మ దానిలోంచి లేవలేకపోతే, ఆ కారు ఎంత గొప్పదైనా ఆమెకు అది శిక్షే. వెనుక కూర్చునేవారి కోసమే పొడవు పెంచిన నమూనాలు మన దేశంలో ఉన్నాయి. బెంజి ఈ-క్లాసులో 2017లో, బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో 2021లో అలాంటివి వచ్చాయి. కాళ్లు చాపుకోవడానికి జాగా పెరిగింది, మలుపు తిరగడానికి కావలసిన జాగా కూడా పెరిగింది.

టైర్ల గురించి కొంచెం ఓపికగా చదవండి. ఈ కార్ల టైర్ల పక్కగోడ సన్నగా ఉంటుంది. గుంతలో పడితే గాలి పోవడం కాదు, పక్కన బుడగ లేస్తుంది, ఒక్కొక్కసారి చక్రమే వంగుతుంది. చాలా నమూనాల్లో పూర్తి సైజు స్టెప్నీ ఉండదు. కొన్నింటిలో సన్నటి తాత్కాలిక చక్రం, మరికొన్నింటిలో అదీ ఉండదు. దానికి బదులు రన్‌ఫ్లాట్ అనే టైర్లు వేస్తారు. గాలి పూర్తిగా పోయినా, గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా, సాధారణంగా మరో 80 కిలోమీటర్ల దాకా అవి నడుస్తాయి. నగరంలో అది చాలు. మీ ఊరికి ఆ టైరు దొరికే చోటు ఎంత దూరం? సెంటర్లో పంక్చర్లు వేసే కుర్రవాడి దగ్గర ఈ సైజు ఉండదు. నాలుగు టైర్లూ ఒకేసారి మార్చవలసి వస్తే లక్ష దాటడం వింతేమీ కాదు.

కంపెనీ వర్క్‌షాపులు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఉంటాయి. భీమవరం నుంచి విజయవాడ సుమారు వంద కిలోమీటర్లు. ఆదిలాబాదు నుంచి హైదరాబాదు మూడు వందలు. ఆయిలు మార్పించడానికే ఒక రోజు పని పోతుంది. మన ఊరి మెకానిక్కు ఎంత నేర్పరి అయినా, కంపెనీ కంప్యూటరు పరికరం లేనిదే ఈ కారులో వెలిగే హెచ్చరిక దీపం ఎందుకు వెలిగిందో కనిపెట్టలేడు. ఆగిపోయిన కారును తాడు కట్టి ట్రాక్టరుతో లాగడం మనకు అలవాటు. ఆటోమాటిక్ గేరుబాక్సు ఉన్న కారును అలా లాగితే లోపల నూనె తిరగక గేరుబాక్సే పాడవుతుంది. చక్రాలు నేలకు తగలకుండా లారీ మీద ఎక్కించి తీసుకువెళ్లాలి. అలాంటి బండిని ఉచితంగా పంపే ఏర్పాటు మీ వారంటీలో ఉందా, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉంది, మీ గ్రామం దాని పరిధిలోకి వస్తుందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక్కడే ఒక మాట. పేరు కన్నా సుఖం ముఖ్యమనుకునేవారు బెంజి, బీఎండబ్ల్యూల కన్నా ఒక మెట్టు కింద ఉన్న కార్లను కూడా చూడాలి. టయోటా క్యామ్రీ హైబ్రిడ్ 2024 డిసెంబరులో కొత్త రూపంలో వచ్చినప్పుడు షోరూము ధర 48 లక్షలు. పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండటంచేత పెట్రోలు తక్కువ తాగుతుంది, బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఉంది. ఆ కంపెనీ వర్క్‌షాపులు చిన్న పట్టణాల్లో కూడా కనబడతాయి. దాని ముందు మూడు కోణాల నక్షత్రం ఉండదు. ఆ నక్షత్రం కోసమే కొంటున్నట్టయితే అది వేరే సంగతి, ఆ ధర తెలిసి ఇవ్వాలి.

డీజిలు, పెట్రోలు, ఎలుకలు

దూర ప్రయాణాలు ఎక్కువ చేసేవారికి డీజిలు లాభమే. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధన వచ్చిన తరువాత ఆడి సంస్థ మన దేశంలో డీజిలు కార్లు మానుకుంది. బెంజి, బీఎండబ్ల్యూలలో డీజిలు కొనసాగింది. కాని ఈ కొత్త డీజిలు కార్లు మన పాత జీపుల వంటివి కావు. పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఒకటుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు కారు రోడ్డు మీద ఆగకుండా పావుగంటో అరగంటో మంచి వేగంతో నడవాలి. ఇంటి నుంచి చెరువు దాకా, చెరువు నుంచి బజారు దాకా రెండేసి కిలోమీటర్లు తిప్పేవారి కారులో జల్లెడ పూడుకుపోతుంది. దాన్ని మార్చవలసి వస్తే ఖర్చు మామూలుగా ఉండదు. అలాంటి వాడకానికి పెట్రోలు కారే తీసుకోవాలి.

చాలా డీజిలు కార్లలో యాడ్‌బ్లూ అనే ద్రవం వేరే ట్యాంకులో పోయాలి. అది 32.5 శాతం యూరియా కలిసిన శుద్ధమైన నీరు. యూరియాయే కదా అని ఎరువుల బస్తాలోది నీళ్లలో కలిపి పోస్తే ఆ పరికరం మొత్తం గడ్డకట్టి చెడిపోతుంది. పొరపాటున ఆ ద్రవాన్ని డీజిలు ట్యాంకులో పోస్తే నష్టం ఇంకా ఎక్కువ. డ్రైవరుకు ఈ రెండూ మొదటి రోజే చెప్పాలి. పెట్రోలు కారైతే, దేశంలో ఇప్పుడు 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలే బంకుల్లో సాధారణం. కొత్త కార్లు దానికి తగ్గట్టే తయారవుతున్నాయి, 2023కు ముందు తయారైన వాడిన కారైతే మాత్రం ఆ కంపెనీవారిని అడిగి తెలుసుకోండి.

ఎలుకల సంగతి షోరూములో ఎవరూ ఎత్తరు. వడ్ల బస్తాలు, పశువుల దాణా ఉన్న చోట కారు పెట్టుకునేవారికి ఇది నిజమైన బెడద. వారం రోజులు కదలకుండా ఉన్న కారు ఇంజనులో ఎలుక కాపురం పెడుతుంది, వైర్లు కొరుకుతుంది. మామూలు కారులో అయితే ఎలక్ట్రీషియను అతుకు వేస్తాడు. ఈ కార్లలో వైర్ల కట్ట మొత్తం మార్చమంటారు. ఎలుక నష్టానికి మీ పాలసీ వర్తిస్తుందా అని అడగండి. షెడ్డును దాణా కొట్టుకు దూరంగా కట్టుకోవడం అన్నిటికన్నా చవక. అలాగే ఇంజనులో నీళ్లు దూరితే అయ్యే నష్టం మామూలు పాలసీలో సాధారణంగా రాదు, దానికి వేరే రక్షణ తీసుకోవాలి. మునిగిన కారును తాళం తిప్పి స్టార్టు చేయడమే అసలు ప్రమాదం.

వాడిన కారు తీసుకుంటే

ఐదారేళ్ల కిందటి పెద్ద కారు కొత్త చిన్న కారు ధరకే వస్తుంటే మనసు అటు లాగుతుంది. మంచి కారు దొరికితే మంచిదే. మొదటి యజమాని తరుగుదల భరించాడు కదా. అయితే కారు ధర తగ్గింది గాని, దాని సామాను ధర తగ్గలేదు. 70 లక్షల కారును 20 లక్షలకు కొన్నా, దాని దీపం, దాని గేరుబాక్సు 70 లక్షల కారువే.

ఢిల్లీ నుంచి చవకగా వచ్చే కార్ల గురించి చాలామంది అడుగుతుంటారు. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదన్న ఉత్తర్వును 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో దాన్ని కొంత సడలించింది. ఆ నిబంధన మూలంగా అక్కడి పాత డీజిలు కార్లు చాలా తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు చేరాయి. ధర ఒక్కటే చూసుకోవద్దు. అక్కడి ఆర్టీఏ నుంచి నిరభ్యంతర పత్రం రావాలి, అప్పు ఉంటే బ్యాంకు నుంచి తీరినట్లు పత్రం రావాలి, ఇక్కడ కారు వయసును బట్టి లైఫ్ టాక్సు మళ్లీ కట్టాలి, అక్కడ కట్టిన పన్నులో మిగిలినది తిరిగి తెచ్చుకోవడం వేరే తిరుగుడు. మరో రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలు దాటి నడపకూడదు. "నంబరు తరువాత మార్చుకుందాం లెండి" అని మధ్యవర్తి అంటే అక్కడే ఆగండి. ఆర్.సి. మీ పేరుకు మారేవరకు ఆ కారు చట్టం దృష్టిలో మీది కాదు.

వరదలో మునిగిన కార్ల బెడద అంతకన్నా పెద్దది. 2015లోనూ 2023లోనూ చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. అలాంటి ప్రతి వరద తరువాతా నీళ్లు తాగిన కార్లు కడిగి, తుడిచి, సువాసన చల్లి మళ్లీ బజారులోకి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత అక్కడ దాగి ఉంటుంది. సీటు కింద పట్టాలకు తుప్పు, డిక్కీలో చాప కింద తడి వాసన, దీపాల అద్దాల లోపల ఆవిరి - ఇవి అబద్ధం చెప్పవు. గాలి తిత్తుల మీద నిలిచే సస్పెన్షన్ ఉన్న కారైతే సాయంత్రం ఆపి, తెల్లవారి చూడండి. ఒక మూల కిందకు దిగి ఉంటే రబ్బరు తిత్తి కారుతున్నట్టే. కిలోమీటర్ల మీటరును వెనక్కు తిప్పడం మన దేశంలో పాత విద్య. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ వర్క్‌షాపులో సర్వీసు చరిత్ర అడగండి. కారును అక్కడికే తీసుకువెళ్లి కొన్ని వేలు కట్టి పరీక్ష చేయించండి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే మీకు కావలసిన జవాబు వచ్చేసినట్టే. కొన్నాక రాష్ట్రం లోపలైతే 14 రోజుల్లో యజమాని మార్పు తెలియజేయాలి. బీమాను కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిము బోనసు మనిషికి చెందినది, కారుతో పాటు మీకు రాదు.

అబ్బాయి విదేశంలో వాడిన కారునే ఓడలో పంపిస్తానంటే వద్దని చెప్పండి. ఎడమ పక్క స్టీరింగు ఉన్న వాడిన కారును మన దేశంలోకి దిగుమతి చేసుకోవడానికి అనుమతి లేదు, ఉన్నవాటి మీద సుంకం కారు ధరను మించిపోతుంది.

వెనుక సీటులో కూర్చునేవారు

ఇంత ఖరీదు పెట్టేది ఎందుకని అడిగితే భద్రత కోసమని చెప్పేవారున్నారు. అది సబబైన కారణమే. ఈ కార్లలో గాలి సంచులు ఎక్కువ, బ్రేకులు మెరుగు, శరీరం గట్టిది. కాని 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఒక బెంజి బండి వెనుక సీటులో కూర్చుని మరణించారు. ఆయన పక్కన ఉన్నవారు కూడా మరణించారు. వెనుక కూర్చున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. మన ఇళ్లలో వెనుక సీటు పెద్దవారిది, పిల్లలది. బెల్టు పెట్టుకోమంటే "డ్రైవరు పెట్టుకున్నాడుగా" అంటారు. పసిపిల్లను ఒడిలో పెట్టుకుని ముందు సీటులో కూర్చోవడం మరీ ప్రమాదం. గాలి సంచి పేలినప్పుడు దాని దెబ్బ ముందుగా ఆ బిడ్డకే తగులుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వారికి తగిన సీటు కారుతో పాటే కొనండి, వెనుక సీటులో దాన్ని బిగించే కొక్కేలు ఉన్నాయేమో చూడండి.

డ్రైవరు విషయం కూడా ఇందులోదే. ట్రాక్టరూ, పాత సుమో నడిపిన అబ్బాయినే దీనికీ పెడతాం. అతను మంచివాడే కావచ్చు. కాని ఈ కారు యాక్సిలరేటరు మీద కాలు పెడితే ఏడెనిమిది సెకన్లలో వంద కిలోమీటర్ల వేగానికి చేరుతుంది. షోరూమువారు కారు అప్పగించే రోజున అరగంటసేపు అన్నీ వివరిస్తారు. ఆ అరగంటలో యజమాని ఫోటోలు దిగుతూ ఉంటాడు, డ్రైవరు బయట గేటు దగ్గర నిలబడి ఉంటాడు. ఆ రోజు డ్రైవరును ముందు సీటులో కూర్చోబెట్టి, మీరు వెనుక కూర్చుని ఇద్దరూ వినండి.

డబ్బు మొత్తం కట్టే ముందు కారును పగటి వెలుతురులో ఒకసారి చూసుకోండి. తయారైన నెల, సంవత్సరం ప్లేటు మీద ఉంటుంది. గత సంవత్సరం కారును ఈ సంవత్సరం ధరకు అంటగట్టడం జరుగుతూనే ఉంటుంది. బీమా షోరూమువారి దగ్గరే తీసుకోవాలన్న నిర్బంధం లేదు, బయట రెండు కంపెనీల ధర అడిగి పోల్చండి. వారంటీ పొడిగింపును కొన్న రోజున తీసుకుంటే ఎంత, ఏడాది తరువాత తీసుకుంటే ఎంత అనేది కాగితం మీద రాయించుకోండి. రెండో తాళం చెవి కూడా అప్పుడే అడిగి తీసుకుని ఇంట్లో బీరువాలో పెట్టండి. పోతే కొత్తది విదేశం నుంచి తెప్పించవలసి రావచ్చు. అంతవరకు కారు షెడ్డులోనే ఉంటుంది.